ఫైటర్ చేపపిల్లలకి లైవ్ ఫుడ్ కావాలి, ఇంట్లో కార్తీకమాసం వస్తోంది, ఏం చెయ్యమంటారు?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. సంగతి కుదించి చెప్తాను. పెళ్ళయిన కొత్తలో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవారట, భర్తకి ట్రాన్స్‌ఫర్ అయ్యి విజయవాడ వచ్చాక మానేశారు. పగలంతా ఇంట్లో తను, అత్తగారు, అంతే. అప్పుడు ఒక గాజు గిన్నెలో ఒక ఫైటర్ చేపతో మొదలైన సరదా ఇప్పుడు వెనక గదిలో వరసగా చిన్న ట్యాంకుల దాకా వచ్చింది, గప్పీలు, ఫైటర్లు. ఫైటర్లని జత కట్టించి పిల్లల్ని పెంచి ఒక షాపు ఆయనకి అమ్ముతున్నారు. "పెద్ద డబ్బేం కాదండీ, కానీ ఉద్యోగం మానేశాక నా చేతికి నా కష్టంతో వచ్చింది ఇదే" అని రాశారు.

మొదట్లో పిల్లలకి పొడి ఫుడ్ వేస్తే ఒక్కటీ మిగల్లేదట. ఎవరో లైవ్ ఫుడ్, అంటే పురుగుల్లాంటి బతికున్న తిండి, పెట్టమని చెప్పారు. దాంతో టెర్రస్ మీద ఒక టబ్బులో నీళ్ళు నిలవబెట్టి దోమ లార్వా పట్టి పెద్ద చేపలకి వెయ్యడం, షాపులో ట్యూబిఫెక్స్ అనే సన్న పురుగులు కొని పెద్దవాటికి అలాగే, పిల్లలకి నలిపి వెయ్యడం, ఫ్రోజెన్ బ్లడ్ వార్మ్స్ తెచ్చి ఫాయిల్ చుట్టి ఫ్రీజర్‌లో బఠాణీల ప్యాకెట్ వెనక దాచడం, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యాయి. అత్తగారు ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వరు. దసరాకి ఆడపడుచు వచ్చి ఐస్‌క్రీమ్ కోసం ఫ్రీజర్ తీస్తే ఆ పొట్లం బయటపడింది. "దేవుడికి పెట్టే పాల పక్కన పురుగులు పెట్టి నాకు చెప్పకుండా దాచావా" అని అత్తగారు ఆ ఫ్రిజ్‌లోవి ముట్టడం మానేశారు. అదే టైములో కింద ఫ్లాట్ బాబుకి డెంగీ వచ్చింది, అసోసియేషన్ వాళ్ళ కంట్లో టెర్రస్ మీద టబ్బు పడింది. రెండు మంచి ఫైటర్లు పొట్ట ఉబ్బి చచ్చిపోయాయి. భర్త "ఎందుకీ గోల, ఎవరికైనా ఇచ్చెయ్" అన్నారు. ఇప్పుడు ఒక టబ్బులో పిల్లలు నిన్ననే ఈదడం మొదలుపెట్టాయి, కార్తీకం దగ్గరకొచ్చేసింది. ఉత్తరం రాసినావిడ అడిగినవి మూడు: లైవ్ ఫుడ్ నిజంగా తప్పదా, నేను చేస్తున్నది పాపమా, చేపలు వదిలేసుకోవాలా.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు ఒకటే పెద్ద ముడిలాగా కనిపిస్తోంది గానీ, ఇందులో నాలుగు వేరువేరు సంగతులున్నాయి, ఒక్కొక్కటీ విడదీస్తే మీ అత్తగారితో నిజంగా తేల్చుకోవాల్సింది చాలా చిన్నది మిగులుతుంది.

ముందు టబ్బు సంగతి. దీంట్లో మాత్రం నేను ఆప్షన్లు ఇవ్వను, ఇది చదివిన వెంటనే టెర్రస్ మీదకెళ్ళి ఆ నీళ్ళు ఎండ పడే చోట నేల మీద పారబోసెయ్యండి, కాలవలోనో డ్రైనేజీలోనో కాదు. డెంగీ మోసే ఏడిస్ దోమ మురుగులో కాదు, ఇలాంటి శుభ్రమైన నిలవనీళ్ళున్న చోటే గుడ్లు పెడుతుంది, మన వేడికి గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. మీరు రోజూ వల వేసి పట్టేస్తున్నాను కదా అనుకుంటారు, కానీ ఒకరోజు ఒంట్లో బాగోక పైకి వెళ్ళకపోతే, లేదా ప్యూపాలు, అంటే లార్వా దోమ అయ్యే ముందు దశవి, కొన్ని అడుగున తప్పించుకుంటే, ఆ కొన్ని చాలు. ఇంకోటి, ఆ దోమ గుడ్లు నీళ్ళలో కాకుండా నీటి మట్టానికి కాస్త పైన టబ్బు గోడకి అంటించి పోతుంది, అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగిలితే పొదుగుతాయి. అందుకని పారబొయ్యడం ఒక్కటే సరిపోదు, గోడలు బ్రష్షుతో గట్టిగా రుద్ది కడిగి బోర్లించండి. కింద బాబుకి మీ టబ్బు దోమ వల్లే వచ్చిందా అంటే అది ఎవరూ తేల్చలేరు, ఆ బరువు మొత్తం మీ మీద వేసుకోకండి. కానీ వాళ్ళింటికి ఒకసారి వెళ్ళి బాబు ఎలా ఉన్నాడో కనుక్కుని, టబ్బు తీసేశానని మీ నోటితో చెప్పండి. అసోసియేషన్ నోటీసు పెట్టాక తీసెయ్యడం వేరు, మీ అంతట మీరు వెళ్ళి చెప్పడం వేరు. ఫ్రైడే డ్రైడే అని మున్సిపాలిటీ వాళ్ళు నిలవనీళ్ళ కోసం ప్రతి వారం తిరిగే రోజుల్లో అపార్ట్‌మెంట్‌లో ఈ మాట రేపు మీ చేపల మీదకి కూడా వస్తుంది, అది ఇక్కడే ఆగాలి.

రెండోది ట్యూబిఫెక్స్. మన దగ్గర అమ్మేది ఎక్కువగా మురుగు కాలవల అడుగు బురదలోంచి తీసేదే. ఆ పురుగు బతికేదే అలాంటి చోట, దాని పొట్టలో ఉన్న బురదా బాక్టీరియా మొత్తం మీ ట్యాంకులోకి వస్తాయి. పారే నీళ్ళలో రోజుల తరబడి కడిగి వాడేవాళ్ళున్నారు, అయినా పూర్తిగా శుభ్రం కాదు. మీ రెండు ఫైటర్లు దీనివల్లే పోయాయని ఇంత దూరం నుంచి నేను చెప్పలేను, ఎక్కువ తిండి పెట్టినా పొట్ట ఉబ్బుతుంది, లైవ్ ఫుడ్ ఆబగా తింటున్నాయని చూసి మనం ఇంకాస్త ఇంకాస్త వేస్తూనే ఉంటాం. ఏదైతేనేం, ఇది మానెయ్యండి. నలిపి పిల్లలకి వెయ్యడం అయితే ఇంకా నష్టం, ఆ ముక్కలు కదలవు, పిల్లలు చూడవు, అడుగున కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. మీ చేపపిల్లల్లో చాలావరకు రెండో వారంలో పోతున్నాయని రాశారు చూడండి, అది ఆకలి వల్ల కొంత, నీళ్ళు పాడవ్వడం వల్ల కొంత అని నాకనిపిస్తోంది.

మూడోది బ్లడ్ వార్మ్స్. మీ ఉత్తరంలో ఎక్కడో మధ్యలో, పెద్ద విషయం కాదన్నట్టు, "అవి చేత్తో విరిచినప్పుడల్లా తుమ్ములొస్తాయి, కళ్ళు దురదపెడతాయి" అని ఒక లైను రాసి ముందుకెళ్ళిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. బ్లడ్ వార్మ్ అనేది ఒకరకం దోమలాంటి పురుగు లార్వా, దాని ఎర్ర రంగు హిమోగ్లోబిన్‌ది, అదే కొంతమందికి అలర్జీ తెప్పిస్తుంది. చేపలు పెంచేవాళ్ళలో ఇది బాగా తెలిసిన సమస్య, వాడేకొద్దీ పెరుగుతుంది, కొందరికి ఆయాసం దాకా వెళ్తుంది. కాబట్టి ఫ్రీజర్ గొడవ లేకపోయినా సరే మీరు ఇది మానాల్సిందే, మిగిలింది ఎవరికైనా ఇచ్చేటప్పుడు కూడా ఉత్త చేతులతో పట్టుకోకండి, మానేశాక కూడా దురద తగ్గకపోతే డాక్టర్‌కి ఫలానాది వాడానని చెప్పండి.

ఇప్పుడు గమనించండి. దోమ లార్వా, ట్యూబిఫెక్స్, బ్లడ్ వార్మ్, మీ ఇంట్లోనూ అపార్ట్‌మెంట్‌లోనూ గొడవైన ఈ మూడూ పెద్ద చేపల తిండి. పెద్ద ఫైటర్‌కి లైవ్ ఫుడ్ అవసరం లేదు. ఇష్టం, అది వేరే. మంచి ప్రొటీన్ ఉన్న చిన్న పెల్లెట్లు పూటకి రెండు మూడు గింజలు వేస్తే నిక్షేపంగా బతుకుతుంది, వారంలో ఒకరోజు పస్తు ఉంచినా దానికి మంచిదే. జత కట్టించే ముందు ఆడచేపకి గుడ్లు నిండటానికి లైవ్ ఫుడ్ బాగా పనిచేస్తుంది, అది నిజం, పెల్లెట్ల మీద అయితే ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టాలి, అంతే తేడా. గప్పీ పిల్లలైతే పుట్టినప్పుడే పెద్దవి, మొదటి రోజు నుంచీ మెత్తగా నలిపిన ఫ్లేక్స్ తినేస్తాయి.

నాలుగోది, నిజంగా లైవ్ ఫుడ్ కావాల్సింది ఒక్కరికే, ఈదడం మొదలుపెట్టిన ఫైటర్ పిల్లలకి, అదీ మొదటి మూడు నాలుగు వారాలు. అవి కంటికి ఆనీ ఆనకుండా ఉంటాయి, నోరు ఇంకా చిన్నది, పైగా కదిలేదాన్నే తిండి అనుకుంటాయి, పొడి ముక్క ముక్కు ముందు తేలుతున్నా పట్టించుకోవు. మీకు మొదట్లో ఒక్కటీ మిగలకపోవడం మీ చేతకానితనం కాదు, పొడితోనే నెగ్గుకొచ్చేవాళ్ళు చాలా తక్కువ.

అంటే మీ అత్తగారి ముందు పెట్టాల్సిన విషయం ఇంతే, జత కట్టించినప్పుడల్లా మూడు నాలుగు వారాలపాటు ఒక సీసాలో ఆర్టీమియా అనే చిన్న రొయ్యజాతి గుడ్లు పొదిగించుకోవడం. టెర్రస్ వద్దు, ఫ్రీజర్ వద్దు, కాలవ పురుగులు వద్దు. కానీ ఇది కూడా ప్రాణమున్నదే కదా, మీ రెండో ప్రశ్న ఇక్కడికే వస్తుంది.

పాపమా అని అడిగారు. నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. చేప తినేది ప్రాణుల్నే, చెరువులో ఉన్నా ట్యాంకులో ఉన్నా. దాన్ని పెంచుతానని ఇంటికి తెచ్చుకున్నాక, పిల్లల్ని పుట్టించాక, ఆకలితో చావనివ్వడం నాకు పెద్ద తప్పుగా అనిపిస్తుంది. కానీ మీ అత్తగారు పడుతున్న బాధ కూడా పట్టింపు అని కొట్టిపారెయ్యగలిగేది కాదమ్మా, జన్మంతా ఒక నియమం పట్టుకుని బతికిన మనిషి ఆవిడ. మీరు వేసే పెల్లెట్ డబ్బా మీద చూస్తే చేపల పొడి, రొయ్యల పొడి అనే ఉంటుంది, అది ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉంది. ఆ మాట నిజమే గానీ దాన్ని ఆవిడ మీద వాదనకి వాడొద్దు, గెలుస్తారు, ఆవిడ ఆ పెల్లెట్లు కూడా ఇంట్లోంచి తీసెయ్యమంటారు. అలాగే "ఇవి ఉత్త గుడ్లే అత్తయ్యా, ఎండిపోయిన పొడి" అని చెప్పి ఆర్టీమియా మొదలుపెట్టొద్దు. రేపు ఆవిడ ఆ సీసాలో కదిలేవి చూస్తారు, ఈసారి నమ్మకం పూర్తిగా పోతుంది.

ఆవిడ మాట మళ్ళీ చదవండి, "నాకు చెప్పకుండా దాచావా" అన్నారు. నా లెక్కలో పురుగుల కంటే ఆ దాచడమే ఎక్కువ గుచ్చుకుంది. మీరే రాశారు, ఆవిడకి చేపలంటే అయిష్టం లేదని, పొద్దున్నే కాఫీ గ్లాసుతో గప్పీల దగ్గర కూర్చుంటారని, కృష్ణ దగ్గరకెళ్తే చేపలకి మరమరాలు వేసి గానీ రారని. అలాంటి మనిషితో మాట్లాడొచ్చు. దాచినందుకు క్షమాపణ అడగండి, చేపలు పెంచుతున్నందుకు మాత్రం అడగొద్దు. ఆ ఫ్రీజర్ మొత్తం ఖాళీ చేసి ఆవిడ కళ్ళముందే కడిగెయ్యండి. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పండి, పెద్ద చేపలకి ఇక పురుగులు పెట్టను, పిల్లలకి మాత్రం మూడు నాలుగు వారాలు బతికున్న తిండి కావాలి, అది వెనక గదిలోనే ఉంటుంది, వంటింట్లోకి రాదు, మీరేమంటారు అని. మీవారు కూడా పక్కనే ఉండాలి, మాట్లాడాల్సింది మాత్రం మీరు. ఆయన ముందే వెళ్ళి "అమ్మా, కాస్త సర్దుకో" అంటే అది వాళ్ళిద్దరి మధ్య బేరం అయిపోతుంది, మీరు దాంట్లో ఉండరు.

ఇక మీ ముందున్న దారులు. ఆవిడ ఒప్పుకుంటే ఆర్టీమియాతో కొనసాగొచ్చు, కార్తీకంలోనూ శ్రావణంలోనూ జత కట్టించకుండా ఆపుకోవచ్చు, మగా ఆడా వేరువేరు ట్యాంకుల్లో ఉంటాయి కాబట్టి అది పూర్తిగా మీ చేతిలో ఉన్న పని. దీనివల్ల ఏడాదిలో ఒకటి రెండు బ్యాచ్‌లు తగ్గుతాయి, షాపు ఆయనకి ముందే చెప్పుకోవాలి. ఆవిడ ససేమిరా అంటే ఫైటర్లని పెల్లెట్ల మీద ఊరికే పెంచుకుని, అమ్మకానికి గప్పీల మీద పడొచ్చు. గప్పీల్లో ఒక్కో చేపకి డబ్బు తక్కువే గానీ, రంగు ప్రకారం జతలు ఎంచుకుని మంచి వరస నిలబెట్టుకుంటే గిరాకీ ఉంటుంది, ఇంట్లో పేచీ ఉండదు. ఫైటర్ పిల్లల్ని తీసే ఆ థ్రిల్ మాత్రం ఉండదు, అది మీకు ఎంత ముఖ్యమో మీకే తెలియాలి. లేదంటే పిల్లలు ఈదే దాకా మీ దగ్గర, ఆ నెల రోజులు ఇంకో పెంపకందారు దగ్గర అని సగం సగం ఒప్పందం పెట్టుకోవచ్చు, లాభం పంచుకోవాలి, దారిలో కొన్ని పోతాయి, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

మొత్తం ఇచ్చెయ్యడం కూడా ఒక దారే, మీవారు చెప్పింది. ఇల్లు ఆ వారానికి ప్రశాంతంగా ఉంటుంది. కానీ మీ ఉత్తరంలో ఉద్యోగం గురించి రాసిన పేరా చూస్తే, అప్పుడు ఒకటి వదులుకున్నారు, ఇప్పుడు ఇంకోటి, ఇది ఎవరి మీదో ఒకరి మీద కోపంగా లోపల ఉండిపోతుందని నా భయం. ఇచ్చెయ్యాలనుకుంటే మీకు విసుగొచ్చినప్పుడు ఇవ్వండి, గొడవ మధ్యలో వద్దు. ఏం చేసినా సరే, చేపల్ని తీసుకెళ్ళి బందరు కాలవలోనో ఇంకెక్కడో వదలకండి, ఫైటర్లు చస్తాయి, గప్పీలు పెరిగి మన చిన్న చేపల తిండికి పోటీ వస్తాయి. అపార్ట్‌మెంట్‌లో తామర తొట్టి లాంటిది సిమెంటుది ఏదైనా ఉంటే మాత్రం అసోసియేషన్‌ని అడిగి నాలుగు గప్పీలు వెయ్యండి, దోమ లార్వాని అవే చూసుకుంటాయి.

ఆర్టీమియా మీరు ఎప్పుడూ చెయ్యలేదన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఇవి ఉప్పు సరస్సుల్లో ఉండే చిన్న రొయ్యజాతి గుడ్లు, అమెరికాలో యూటా గ్రేట్ సాల్ట్ లేక్ లాంటి చోట్ల నుంచి వస్తాయి. మన కోస్తాలో రొయ్యల హ్యాచరీలు వీటినే వాడతాయి, అందుకని దొరకడం కష్టం కాదు, కానీ హ్యాచరీ డబ్బా మీకు చాలా పెద్దదైపోతుంది, చిన్న ప్యాకెట్ కొనండి. తేమ తగిలితే పొదగవు, గాలి చొరని స్టీలు డబ్బాలో వెనక గదిలోనే పెట్టుకోండి, ఫ్రిజ్ అయితే ఎక్కువకాలం ఉంటాయి గానీ ఆ మాట ఇప్పుడు ఎత్తొద్దు. లీటరు నీళ్ళకి పాతిక గ్రాముల కల్లుప్పు, అంటే పెద్ద చెంచాతో ఒకటిన్నర, చిటికెడు వంటసోడా, పావు చెంచా గుడ్లు. లీటరు బాటిల్ అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టి, ఎయిర్ పంపు గొట్టం కింద మూతి దాకా పెట్టి బాగా బుడగలొచ్చేలా నడపాలి, పైన ఒక లైటు. 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో నారింజ రంగు చుక్కలు తిరుగుతూ కనిపిస్తాయి, చలి రోజుల్లో ఇంకో అరపూట పడుతుంది. పంపు ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందకి చేరతాయి, మూతి దగ్గర టార్చి పెడితే ఇంకా తొందరగా వస్తాయి. సన్న గొట్టంతో వాటినే లాగి పల్చటి కాటన్ గుడ్డలో వడకట్టి మంచినీళ్ళతో ఒకసారి కడిగి డ్రాపర్‌తో వెయ్యండి. పెంకులు రానివ్వకండి, చేపపిల్లల పొట్టలో అడ్డుపడతాయి.

పొదిగిన కొన్ని గంటల్లోనే వేసెయ్యాలి, ఆలస్యమైతే వాటి ఒంట్లో ఉన్న సత్తువ అవే తినేస్తాయి. రెండు సీసాలు పెట్టుకుని ఒకరోజు ఒకటి, మర్నాడు ఇంకోటి మొదలుపెడితే ఎప్పుడూ తాజాగా ఉంటాయి. పూటకి కొంచెం, రోజుకి రెండు మూడుసార్లు, పిల్లల పొట్టలు నారింజ రంగుకి తిరిగితే చాలు. మంచినీళ్ళలో ఆర్టీమియా కొన్ని గంటలే బతుకుతుంది, మిగిలింది రాత్రి లోపు లాగెయ్యాలి. నాలుగో వారం నుంచి నలిపిన పెల్లెట్ కలుపుతూ అలవాటు చెయ్యండి. మూడు నాలుగు వారాల మధ్య పిల్లలకి పైగాలి పీల్చే అవయవం తయారవుతుంది, ఆ రోజుల్లో చల్లగాలి తగలకుండా టబ్బు మీద మూత ఉంచండి.

ఇప్పుడు ఈదుతున్న బ్యాచ్ సంగతి. తండ్రి చేపని ఈపాటికి తీసేసి ఉండకపోతే తీసెయ్యండి. ఈ రెండు మూడు రోజులూ కొన్నింటికి ఆర్టీమియా కూడా పెద్దదే, వాటికి కంటికి కనపడని ఇన్ఫ్యూసోరియా అనే సూక్ష్మజీవులు కావాలి. పాత ట్యాంకులో జావా మాస్ అనే నాచు ఉంటే ఒక గుప్పెడు ఈ టబ్బులోకి మార్చండి, వీధి చివర బాదం చెట్టు కింద రాలిన ఎండు ఆకు ఒకటి కడిగి వెయ్యండి, ఆకు మెత్తబడేకొద్దీ దాని మీద అవి పుడతాయి. ఇది మీ అత్తగారితో మాట్లాడటానికి మీకు ఒక రాత్రి టైము ఇస్తుంది, అంతకంటే ఎక్కువ ఇవ్వదు, ఆర్టీమియా పొదగడానికే ఒక రోజు కావాలి కదా. ఆవిడ సరే అంటే ఈ రాత్రే సీసా పెట్టండి. వద్దంటే రేపు పొద్దున చల్లగా ఉండగానే, షాపు ఆయన్ని అడిగి ఫైటర్లు తీసే ఎవరికైనా ఈ పిల్లల్ని ఇచ్చెయ్యండి, వలతో పట్టకుండా కప్పుతో ముంచి, అదే టబ్బు నీళ్ళతో కవరు మూడో వంతు నింపి, మిగతాది గాలికి ఉంచి, ఆ బాదం ఆకు కూడా లోపలే వేసి పంపండి.